రెండు నొక్కండి

నేను ఒక ఫ్లెక్సీని. గుడ్డనూ కాను, కాగితాన్నీ కాను, రెంటికీ చెడ్డ సరుకుని. ఎండకు వెలుస్తాను, వానకు తడవను, మంట తగిలితే ముడుచుకుని కంపు కొడతాను. బాధపడటం మాత్రం నాకు చేతకాదు. ఇప్పుడు చెప్పబోయేది బాధపడాల్సిన సంగతేనని చుట్టూ ఉన్న మనుషుల మొహాలు చూసి తెలుసుకున్నాను, అంతే.

గోదావరి కాలవ గట్టున ఉన్న ఒక చిన్న పట్నంలో, బస్టాండు వెనక ప్రింటింగ్ షాపులో పుట్టాను. మిషను తల అటూ ఇటూ పరుగెడుతూ నా ఒంటి మీద రంగు చల్లింది. ముందు పైవరసలో రాష్ట్ర నాయకుల గుండ్రటి మొహాలు వచ్చాయి. తర్వాత చేతులు జోడించి నిలువెత్తు అచ్యుతం గారు దిగారు. ఆయన పక్కనే ఎర్రటి పెద్దక్షరాలతో ‘ఫోన్ వస్తే రెండు నొక్కండి’ అన్న మాట. ఆఖర్న, అడుగు వరసలో, ఆయన వెంట తిరిగేవాళ్ళ చిన్న చిన్న ఫోటోలు. ఫ్లెక్సీ మీద ఎవరి మొహం ఎంత ఉండాలి, ఎవరి పక్కన ఎవరుండాలి అన్నది ఇక్కడ పెళ్ళి ముహూర్తం కన్నా పెద్ద విషయం. ఆ వరసలో ఎడమ చివరన, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టున్న ఆవిడ పేరు కాసులమ్మ. బస్టాండు ఎదురుగా గట్టు మీద పెసరట్ల బడ్డీ నడుపుతుంది. ఫోటో కింద ‘మహిళా కార్యకర్త’ అని వేశారు. నన్ను కట్టిన రోజు ఆవిడ రోడ్డుకి ఆ పక్క నుంచి ఒకసారి, ఈ పక్క నుంచి ఒకసారి చూసుకుని, అట్టు మాడుతోందని ఎవరో కేకేస్తే పరుగెత్తింది.

ఆ ‘రెండు’ సంగతి చెప్పాలి. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఈ నియోజకవర్గంలో గంప గుర్తు పార్టీ టిక్కెట్టు కావాలన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు ధనుంజయరావు గారు, రైసుమిల్లాయన. ఇంకొకరు అచ్యుతం గారు, ఎవరింట్లో చావు జరిగినా ముందుగా వచ్చి అరుగు మీద కూర్చునే మనిషి. ఎవరికిచ్చినా రెండోవారికి కోపం వస్తుందని పార్టీ పెద్దలు ఆ కోపాన్ని ఫోనుకి అప్పజెప్పారు. కార్యకర్తలందరికీ రికార్డింగు ఫోను వస్తుంది. ధనుంజయరావు గారు కావాలంటే ఒకటి, అచ్యుతం గారు కావాలంటే రెండు నొక్కాలి. ఎక్కువమంది ఎవరికి నొక్కితే వారికే టిక్కెట్టు.

దాంతో ఊళ్ళో మనుషులకి పేర్లు పోయి అంకెలు మిగిలాయి. వీళ్ళు ఒకటోళ్ళు, వాళ్ళు రెండోళ్ళు. ఊరు ఉసిరికాయంత, తగువు తాటికాయంత అంటారే, అలాగే అయింది. అవతలి పార్టీ నాగభూషణం గారిని తిట్టడం అందరూ మర్చిపోయారు.

కాసులమ్మ రెండోళ్ళలో గట్టి మనిషి. ఆవిడ మొగుడు పోయినప్పుడు సొంత మరుదులే మొహం చాటేస్తే, అచ్యుతం గారు పాడె పట్టి వల్లకాడు దాకా నడిచారట. ఆ మాట బడ్డీకొచ్చిన ప్రతివాళ్ళకీ, అల్లం పచ్చడితో పాటు వడ్డించేది. పక్క బడ్డీ రాఘవమ్మది. ఆవిడ టీ అమ్ముతుంది, ఒకటోళ్ళ మనిషి. ఇద్దరిదీ ఒకటే నీళ్ళ డ్రమ్ము. వయసులో పెద్దదని రాఘవమ్మని కాసులమ్మ వదినా అని పిలిచేది. అట్టు తిన్నవాళ్ళని టీకి అటు తోలేది, టీ తాగొచ్చినవాళ్ళని ఆవిడ ఇటు తోలేది. ఫోన్లు మొదలయ్యాక కూడా పోట్లాట నవ్వులాటగానే ఉండేది.

"మీ ఒకటికి చిల్లర కూడా రాదు వదినా," అనేది కాసులమ్మ.

"ఒకటి లేందే రెండెక్కడిదే?" అనేది రాఘవమ్మ.

టిక్కెట్టు ధనుంజయరావు గారికొచ్చింది. మర్నాడు పొద్దున్నే నా తాళ్ళు కోసేశారు. నన్ను కట్టిన చేతులే కోశాయి. చుట్టచుట్టి కాలవలో పడెయ్యబోతుంటే కాసులమ్మ అడ్డుపడి తీసుకుంది. బడ్డీ వెనక పడమటెండ కొడుతోందని పరదాగా కట్టింది. బొమ్మ వైపు లోపలికి, బల్లల వైపుకి పెట్టింది. ఎండకి ఏ వైపైనా ఒకటే కదా అని ఎవరూ అడగలేదు. అలా రోజంతా జనం నా ఎర్రక్షరాలు చూస్తూ పెసరట్లు తిన్నారు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. నాగభూషణం గారు గెలిస్తే గట్టు మీది బడ్డీలన్నీ తీయించి షాపింగ్ కాంప్లెక్సు కట్టిస్తానన్నారు. దాచి చెప్పలేదు, మైకులోనే చెప్పారు. బడ్డీల జోలికి ఎవర్నీ రానివ్వనని ధనుంజయరావు గారు మాటిచ్చారు. కాబట్టి కాసులమ్మ ఎవరికి వెయ్యాలన్నది చంటిపిల్లకైనా తెలుస్తుంది. ధనుంజయరావు గారు ఓడితే ఆవిడ పొయ్యి ఆరిపోతుంది, రాఘవమ్మ పొయ్యీ ఆరిపోతుంది.

నాయకులు ముందే కలిసిపోయారు. ఏ ఎండకా గొడుగు పట్టడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. బస్టాండు దగ్గర స్టేజీ వేసి అచ్యుతం గారూ ధనుంజయరావు గారూ కావలించుకున్నారు. తర్వాత ధనుంజయరావు గారు మైకు పట్టుకుని, పాపం మంచి మనసుతోనే, "ఇవాళ్టి నుంచి మనమంతా ఒకటే!" అన్నారు.

ఆ మాటకి ఆయన మనుషులు ఈలలేసి, ఒక్కో వేలు పైకెత్తి ఊపారు. ఒకటే! ఒకటే! రెండోళ్ళకి అది ఎలా వినపడాలో అలాగే వినపడింది. కుర్చీలు వెనక్కి పడ్డాయి. వెనక వరసలు లేచి వెళ్ళిపోయాయి. తెలుగులో కలిసిపోవడానికి వేరే మాట లేకపోయిందా అని నాకిప్పటికీ అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే రాఘవమ్మ తన బడ్డీలోంచి తల బయటపెట్టి, వేలెత్తి, నవ్వుతూ, "విన్నావటే కాసులూ, మనం ఒకటే!" అంది. ఆవిడ కలుపుకోడానికే అందని నేను అనుకుంటున్నాను. కాసులమ్మ అట్లకాడ పెనం మీద పడేసి లోపలికొచ్చేసింది. సాయంత్రానికి వేరే నీళ్ళ డ్రమ్ము వచ్చింది. వదినా అన్న పిలుపు ఆ రోజుతో ఆగిపోయింది.

ప్రచారం చివర్లో అచ్యుతం గారే బడ్డీకొచ్చారు. తెల్ల చొక్కా, మెడలో కొత్త కండువా. ఏదో కార్పొరేషన్ పదవి ఇస్తామన్నారట, మొహం నిదానంగా ఉంది. కాసులమ్మ బల్ల తుడిచి, జీడిపప్పేసి అట్టు పోసింది.

"ఈసారి మన ధనుంజయరావు గారికే నొక్కాలమ్మా. ఓట్ల మిషను మీద ఆయన నంబరు ఒకటి. మనవాళ్ళందరికీ నువ్వే చెప్పాలి," అన్నారాయన.

"మీరు చెప్తే కాదంటానా బాబూ."

తింటూ ఆయన తలెత్తి నన్ను చూశారు. "ఇదింకా ఉంచావేంటి? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? తీసి చెత్తలో పడేయించు." తన బొమ్మ చూసుకున్నారు, ఎర్రక్షరాలు చూశారు. అడుగు వరసలోకి మాత్రం ఆయన చూపు దిగలేదు. కాసులమ్మ అక్కడే, తన ఫోటో పక్కనే, సాంబారు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"అలాగే బాబూ," అంది. చెయ్యి కడుక్కుని ఆయన వెళ్ళిపోయారు. కాసులమ్మ నన్ను తియ్యలేదు. ఆ సాయంత్రం చాలాసేపు పొయ్యి ముందు కూర్చుని నా వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పెనం చల్లారిపోయాక లేచి, మర్నాటికి పెసలు నానబోసింది.

మిషను మీద నాగభూషణం గారి నంబరు రెండు. అక్షరాల వరసలో ‘ధ’ తర్వాత ‘న’ వస్తుంది, దానికి ఎవరేం చేస్తారు? ఎన్నికల రోజు బడ్డీలు మూసేసి అందరూ వెళ్ళి నొక్కి వచ్చారు. ధనుంజయరావు గారు ఓడిపోయారు. ఎక్కువ తేడాతో కాదు, బస్టాండు దగ్గరి పోలింగ్ బూతుల్లో పోయిన ఓట్లంత తేడాతో.

తర్వాత ఊళ్ళో ఒక వింత మాట పుట్టింది. రెండోళ్ళెవరూ దగా చెయ్యలేదట, అలవాటులో పొరబాటట! నెలల తరబడి రెండు నొక్కండి, రెండు నొక్కండి అని నూరిపోశారు కదా, మిషను ముందుకెళ్ళేసరికి వేలు దాని దారిన అది పోయిందట. ఈ మాట పట్టుకుని అచ్యుతం గారు గట్టెక్కారు. ధనుంజయరావు గారు కూడా నమ్మినట్టే తలాడించారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇద్దరికీ తెలుసు. తప్పు వేలి మీద పెట్టేస్తే మనుషులంతా మళ్ళీ మంచివాళ్ళయిపోయారు.

ఎండలు ముదిరాక మున్సిపాలిటీ పొక్లెయిన్ వచ్చింది. ముందు రోజే చెప్పారు కాబట్టి గొడవేం జరగలేదు. ఎవరి సామాను వాళ్ళు తీసుకున్నారు. కాసులమ్మ నన్ను విప్పి నేల మీద పరిచి, పెనం, రుబ్బురోలు పొత్రం, గిన్నెలు నా మధ్యలో పేర్చింది. ఆ చివర బడ్డీ రేకులు నలిగిపోతున్న చప్పుడు వినపడుతోంది. రాఘవమ్మ తన కెటిలూ గ్లాసులూ గోనెసంచిలో వేసుకుని, వెళ్ళబోతూ ఆగింది. సభ రోజు తర్వాత ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"ఎక్కడికే?"

"చెల్లెలింటికి. నువ్వు?"

"చూడాలి." రాఘవమ్మ నన్ను చూసింది, నా మీది అక్షరాలు చూసింది. "పొద్దస్తమానూ దీని ముందు కూచుని అట్లేసేవు. నీ వేలు మాత్రం ఏం చేస్తదిలే. అలవాటున నొక్కేసి ఉంటావు."

మెత్తగా అంది. దానికి కాసులమ్మ అవునంటే సరిపోయేది. ఊరంతా అంటున్న మాటే, కొత్తగా కల్పించక్కర్లేదు.

"లేదు వదినా," అంది కాసులమ్మ. "చూసే నొక్కేను."

పొక్లెయిన్ ఇంకో బడ్డీ ముందుకి జరిగింది. రాఘవమ్మ గోనెసంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"నాకు తెలుసే. ఆ రోజు బూతులోంచి వచ్చేటప్పుడు నీ మొహం చూసేను." ఆవిడ గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండుననిపించింది. "అలవాటు అని ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోయేదే? నేను నమ్మేసేదాన్ని."

రాఘవమ్మ బస్టాండు వైపు వెళ్ళిపోయింది. కాసులమ్మ మూట కట్టబోయింది, బరువుకి నా కొస చిరిగింది. గిన్నెలన్నీ తీసి రిక్షాలో విడిగా సర్దుకుని నన్ను అక్కడే వదిలేసింది.

ఇప్పుడు నేను కాంప్లెక్సు పని జరిగేచోట సిమెంటు బస్తాల మీద ఉన్నాను. బోర్లా కప్పారు కాబట్టి నాకు బస్తాలు తప్ప ఏమీ కనపడవు. పునాదులు లేచాయని కూలీలు అనుకుంటుంటే విన్నాను. మొన్న టీ తాగడానికి దగ్గర్లో ఎక్కడా బడ్డీ లేదని మేస్త్రీ విసుక్కున్నాడు.