జున్ను తల దించినప్పుడు

మా కుక్క జున్ను సంచి సర్దుతున్నాను. బెల్టు, దువ్వెన, సూదులు వేయించిన తేదీలుండే పుస్తకం, నీళ్ళ గిన్నె, అన్నిటికంటే పైన డాగ్ ఫుడ్ పొట్లం. పెట్టినవన్నీ తీసి మళ్ళీ పెడుతున్నాను. ఏదో మరిచిపోయాననిపిస్తోంది. ఏమిటో తెలియదు. కాదు, తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు సంచి చుట్టూ తిరుగుతున్నాను.

పాపకు క్రిస్మస్ సెలవులిచ్చారు. మా వాడు మునిశేఖర్, కోడలు లోహిత, పాప, నేను, నలుగురం కొడైకెనాల్ పోతున్నాం. ఎనిమిది రోజులు. కుక్కను పాకాల దారిలో రెబెకా అనే ఆమె దగ్గర వదలాలి. మామిడి తోటలో షెడ్లు కట్టి, ఊరికి పోయేవాళ్ళ కుక్కల్ని చూసుకుంటుందట.

"నేను ఇంట్లోనే ఉంటాను, కుక్కను నేను చూసుకోనా?" అని మొదటి రోజే అడిగాను. "ఒక్కదానివే ఏం జేస్తావుమా ఈడ? నీకు గూడా మార్పుగా ఉంటాది" అన్నాడు మా వాడు. నా మీద ప్రేమే కదా అనుకున్నాను. సాయంత్రం లోహిత ఒక చీటీ ఇచ్చింది. "ఆడ మనం దిగే ఇంట్లో వంటగది ఉండాదత్తా. బయట తిండి పాపకు పడదు." చీటీలో చిన్న కుక్కరు, రసం పొడి, కందిపప్పు, పోపు డబ్బా. ఇప్పుడు నా సంచిలో రెండు చీరలు, మిగతాదంతా వంటిల్లే. నన్ను ప్రేమతో తీసుకుపోతున్నారా, వంటకు తీసుకుపోతున్నారా? రెండూ నిజమేనేమో. రెండూ నిజమైతే కోపం తెచ్చుకోవచ్చో లేదో నాకు తెలియదు. నేను బడికి పోలేదు. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదివి అక్షరాలు నేర్చుకున్నాను. "కాగితాలు సదివితే బుద్ధి వస్తాదా?" అనేవాడు మా ఆయన. ఇలాంటివి తేల్చుకోలేనప్పుడు ఆయన మాటే నిజమేమో అనిపిస్తుంది.

ఇక జున్ను సంగతి. జున్ను ఆ పొట్లంలోని గుళికలు తినదు. మూడేళ్ళుగా తినలేదు. పిల్లగా వచ్చినప్పుడు అవి తిని విరేచనాలు పట్టుకుంటే, రాగి అంబలి పోశాను. ఆ తర్వాత సంగటి ముద్ద, మజ్జిగ. ఇంట్లో అందరూ ఎవరి పనికి వాళ్ళు పోయినాక నేనూ అదీ వంటింట్లో కూర్చుని తినేవాళ్ళం. గుళికలు నానబెట్టి పక్కింటి నాగవేణి కోళ్ళకు వేసేదాన్ని. ఆ కోళ్ళ గుడ్లు బలంగా ఉన్నాయని లోహితే కొనేది. జున్ను ఒళ్ళు మెరుస్తోందని ఎవరైనా అంటే, "మంచి కంపెనీది పెడతాము గదా" అని ఆ కంపెనీ పేరు కూడా చెప్పేది. నేను వంటింట్లోంచి వింటూ ఊరుకున్నాను. ఒకటి రెండుసార్లు చెప్పబోయాను. "అత్తా, కుక్కకు మన తిండి పెడితే రోగాలొస్తాయి, మీకు తెలీదు" అంది లోహిత అంతకుముందే. తెలియనిదానిగా ఉండడమే సుఖమనిపించింది.

ఇప్పుడు చెబితే, ఇంట్లో గొడవ. చెప్పకపోతే, ఎనిమిది రోజులు జున్నుకు పస్తు. పొద్దున్నే సంగటి కెలికి, రెండు ముద్దలు డబ్బాలో పెట్టి నా చీరల కింద దాచాను. దాచి ఏం చేస్తానో మాత్రం అనుకోలేదు.

కారులో చంద్రగిరి దాటేదాకా జున్ను నా ఒళ్ళోనే తల పెట్టుకుంది. రెబెకా గేటు మీద కాగితం నక్షత్రం వేలాడుతోంది. యాభై ఏళ్ళు ఉంటాయి ఆమెకు, గట్టి మనిషి. "పండగని పనామె ఊరికి పాయ. నేనొక్కదాన్నే ఉండేది. ఏం దినిపిస్తారు దీనికి?" అంది. మా వాడు పొట్లం చూపించాడు. ఆమె ప్లేట్లో గుళికలు పోసి, మా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఇది తినేదానికి తల దించుతాది సూడండి, అప్పుడు గమ్మున ఎల్లిపోండి. తలెత్తి సూసేసరికి మీరు కనబడగూడదు. ఇంగ ఏడవదు."

జున్ను ప్లేటు వాసన చూసింది. తల దించలేదు. నా వైపు చూసింది.

"ఏందిమా, తినదే?" అన్నాడు మా వాడు.

"అది సంగటి తింటాది" అన్నాను.

"ఎప్పుడన్నా ఒకతూరి పెట్టినారేమో" అంది లోహిత.

"మూడేండ్లు."

లోహిత ముఖం ఎర్రబడింది. "మరి మేము తెచ్చినవన్నీ?"

"నాగవేణి కోళ్ళకు."

రెబెకా నవ్వు ఆపుకోలేకపోయింది. "అందుకేనా బొచ్చు ఇట్ల మెరుస్తా ఉండేది! పెద్దమ్మా, తెచ్చుంటే మీరే పెట్టండి. తల దించినాక జారుకుందురు."

డబ్బా తీశాను. ముద్ద చేతిలోకి తీసుకున్నాను. జున్ను తోకాడించింది. చేయి కిందికి పోలేదు.

ఏడేళ్ళప్పుడు అమ్మ నన్ను కార్వేటినగరంలో మేనత్త ఇంట్లో వదిలింది. వదులుతున్నానని చెప్పలేదు. బెల్లం కలిపిన బొరుగులు ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. తల దించుకుని తింటున్నాను. తలెత్తేసరికి అమ్మ లేదు. మళ్ళీ ఆరేళ్ళకు కనిపించింది, నా పెళ్ళి కుదిరిందని చెప్పడానికి. ఆ బొరుగులు అంత తియ్యగా ఎందుకున్నాయా అని ఇన్నేళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను.

"మీరు పోయి రాండి. నేను ఈడే ఉంటా" అన్నాను. నా నోటి నుంచే వచ్చిందా అని నాకే అనుమానం.

"అత్తా! మరి ఆడ పాపకు వండేదెవరు?" అంది లోహిత.

అన్నాక ఆమే బిత్తరపోయింది. మా వాడు కారు తాళాలు చూసుకుంటూ నిలబడ్డాడు. కుక్కరు, రసం పొడి, పప్పు తీసి లోహిత చేతికిచ్చాను. రెండు చీరలు నా దగ్గర ఉంచుకున్నాను. పాప చేయి ఊపింది. కారు పాకాల వైపు మళ్ళింది.

అప్పుడు ముద్ద పెట్టాను. జున్ను తల దించి తింది. తలెత్తి చూసింది. నేను అక్కడే ఉన్నాను.

ఎనిమిది రోజులు రెబెకా షెడ్ల వెనక పొయ్యి మీద పద్నాలుగు కుక్కలకు సంగటి కెలికాను. రెండో రోజు ఆమె నా పేరడిగింది. పంకజాక్షి అని చెప్పడానికి కొంచెం సేపు పట్టింది.

జనవరి ఒకటిన తిరిగి వస్తూ మా వాడు కారాపి దిగొచ్చాడు. లోహిత, పాప కారులోనే ఉన్నారు. సంగటి ఎలా చేయాలో నా రాతలో రాసిచ్చాను. కుక్కకు ఎదురుగా కూర్చుని, "నువ్వు ఇంటికి పోతాండావు, నేను రాను" అని చెప్పాను. దానికి అర్థమైందో లేదో. "ఎక్కుమా" అన్నాడు మా వాడు, తలుపు తీసి. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. రెబెకా ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. కారు కదిలింది. జున్ను కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీలుస్తూ ముందుకే చూసింది. వెనక్కి తిరగలేదు. ఏడుపొచ్చిందో, తేలికపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

డిసెంబర్ ఇరవై నాలుగున తిరుపతి ఇంటి నుంచి నలుగురు మనుషులు, ఒక కుక్క బయలుదేరాం. జనవరి ఒకటిన ముగ్గురు మనుషులు, కుక్క ఆ ఇంటికి చేరారు. నేను తిరిగి పోలేదు.