ఆరని చొక్కా

లాండ్రీ అత్త రోజూ ఏడింటికల్లా వీధి బట్టలన్నీ ఉతికి మేడ మీద తీగలకు ఆరేసేది. సాయంత్రానికి ఏదైనా తడిగానే మిగిలితే, అది తొడుక్కునే మనిషి ఇంటికి తనే వెళ్లి చెప్పొచ్చేది. వాళ్లకిక మూడు రోజులు. ఎవరూ గగ్గోలు పెట్టేవాళ్లు కాదు. చూడాల్సినవాళ్లని పిలిపించుకునేవాళ్లు, అలిగినవాళ్లతో మాట్లాడేవాళ్లు.

ఆ మేడ గదిలో కొత్తగా అద్దెకు దిగిన డాక్టరమ్మకు ఇరవై ఆరేళ్లు. ఇది విని, మనుషుల్ని భయపెట్టి చంపుతున్నారు, అంతే అంది.

మంచి ఎండల్లో అత్త మొగుడి నీలం గళ్ల చొక్కా ఆరలేదు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. తనకి చెప్పకుండా పెళ్లి చేసుకుందని కూతురితో ఆరేళ్లుగా మాటల్లేవు. అత్త కూతురికి కబురు పెట్టింది. మర్నాడు సాయంత్రం బస్సుకి బయల్దేరతానంది ఆ అమ్మాయి. అప్పట్నుంచీ ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ మర్నాడు ఆయన గుండె, బీపీ, రక్తం అన్నీ చూసింది. ఏ లోటూ లేదు. నిక్షేపంలాంటి మనిషి చావుకి ముహూర్తం పెట్టుక్కూర్చోవడం చూసి ఆమెకు ఒళ్లు మండింది. బజారంతా తిరిగి అచ్చం అలాంటి చొక్కాయే కొంది. పాతదానిలా కనపడేదాకా ఉతికి, ఆరాక తీగ మీద మార్చేసింది. తడి చొక్కాని తన గదిలో ఖాళీ బకెట్లో దాచింది.

సాయంత్రం పొడి చొక్కా చూసి అత్త అక్కడే కూలబడి ఏడ్చింది. అప్పటికే బస్టాండులో ఉన్న కూతురికి ఫోన్ చేసి, కంగారేం లేదు, వచ్చే నెల సెలవుల్లో తీరిగ్గా రమ్మంది. ఫోన్ ఇవ్వబోతే ఆయన మొహమాటపడి, "వచ్చాక మాట్లాడతాలే" అన్నాడు. పక్కనే ఉన్న డాక్టరమ్మ, "నూరేళ్లదాకా మీకు ఢోకా లేదు" అంటే పకపకా నవ్వాడు.

మూడో రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందే ఒరిగిపోయాడు.

డాక్టరమ్మ గదిలోకి వెళ్లి చూస్తే బకెట్లో చొక్కా పెళపెళలాడుతూ ఆరిపోయి ఉంది. తెచ్చి అత్త చేతిలో పెట్టి, చేసిందంతా చెప్పింది. అత్త ఆ చొక్కాయే ఆయనకి తొడిగింది.

చీకటి పడేవేళకి కూతురు వచ్చింది. అంతా విన్నాక చాలాసేపు తండ్రి పాదాలు పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ తప్పయిపోయిందంటే ఆ మాట వినిపించుకోలేదు.

"ఫోన్లో నాన్న నవ్వు వినపడింది. ఆరేళ్ల తర్వాత అదే వినడం. ఎవరితో నవ్వాడు?"

"నాతో."

"ఏమన్నారని?"