సాయంత్రానికి ఇచ్చేస్తాం

"ఒకసారి ఆ తాళి తీసివ్వమ్మా, సాయంత్రానికి ఇచ్చేస్తాం" అన్నారు అత్తయ్య. నేను చపాతీ పిండి కలుపుతున్నాను. పెళ్ళికి నా స్నేహితురాళ్ళిచ్చిన పసుపురంగు గిన్నెలో పిండి కలపడమంటే నాకెంత ఇష్టమో. బాపట్ల కాపురానికొచ్చాక నాకు అన్నీ ఇష్టమే. వంటింటి కిటికీలోంచి వినిపించే రైలు కూత, వినయ్ ఆఫీసు నుంచి వస్తూ తెచ్చే మల్లెపూలు, ఆదివారం చర్చి అయ్యాక సూర్యలంక బీచ్‌లో ఆయన ఊది ఊది నా నోట్లో పెట్టే మిరపకాయ బజ్జీ. ఎమ్మెస్సీ చదివినదానివి, ఇంత చిన్నవాటికే మురిసిపోతావేంటని ఆయన నవ్వుతారు.

తాళి నీరజకి. నీరజ వినయ్ చెల్లెలు, డిగ్రీ చదువుతోంది. నెలసరి ఆగిపోయి పొట్ట పెరుగుతుంటే అత్తయ్యకి అనుమానం వచ్చింది. నేను సిగ్గుపడుతూ కొనుక్కున్న రెండు గర్భపరీక్ష కిట్లలో ఒకటి మిగిలింది. నాకు ఒక్క గీతే వచ్చింది లెండి. మిగిలినదాంతో నీరజకి చూశారు. రెండు గీతలు. "నేనేం చేయలేదమ్మా" అంది. "చేయకుండానే వచ్చిందా? కన్య మరియమ్మవా నువ్వు?" అన్నారు అత్తయ్య. వాడి పేరు చెప్పమని వినయ్ కొట్టారు. లేని పేరు ఆ పిల్ల ఎక్కడి నుంచి తెస్తుంది? నేను వంటింట్లో అల్లం టీ పెడుతూ ఉండిపోయాను. ఆయన అలిసిపోయి వచ్చి కప్పు అందుకుని, "చక్కెర సరిగ్గా వేశావు బంగారం" అన్నారు, బజ్జీ ఊదే ఆ నోటితోనే. తర్వాత రేపల్లెలో ఎవరో ఇచ్చిన బిళ్ళలు మింగించారు. వాంతులతో మంచానికి అతుక్కుపోయింది గానీ పొట్ట తగ్గలేదు.

తెనాలిలో మమ్మల్నెవరూ ఎరగరని స్కానింగ్‌కి అక్కడికి తీసుకెళ్ళారు. నా తాళి, నా ఆధార్. "ఫొటోలో ఆడవాళ్ళంతా ఒకేలా ఉంటారు" అన్నారు వినయ్. ఆ పూటకి నీరజ నా పేరుతో స్వర్ణలత అయింది, బోసి మెడతో నేను ఆడపడుచునయ్యాను.

డాక్టరమ్మ చాలాసేపు చూశారు. "బిడ్డ లేదమ్మా. అండాశయం మీద గడ్డ ఉంది. కొన్ని గడ్డలు గర్భం వస్తే వచ్చే హార్మోన్నే వదులుతాయి, అందుకే కిట్‌లో రెండు గీతలు. కాన్సర్ కావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. త్వరగా వైద్యం మొదలుపెడితే ఇలాంటివి చాలావరకు నయమవుతాయి" అన్నారు. ఆగి, "చేతుల మీద ఈ కమిలిన మచ్చలేంటి?" అని అడిగారు. అత్తయ్య రిపోర్టు అందుకుని లేచారు.

బయటికి రాగానే అత్తయ్య కళ్ళు మూసుకుని చేతులు పైకెత్తారు. "స్తోత్రం తండ్రీ. కాన్సరే."

కారులో వినయ్ చాలా రోజులకి ఈల వేశారు. దారిలో ఆపి అందరికీ సపోటా జ్యూస్ ఇప్పించారు. నీరజ తాగలేదు. "క్రిస్మస్ వెళ్ళాక చూద్దాంలే, గడ్డ ఎక్కడికీ పోదుగా" అన్నారు అత్తయ్య. "ఎలాగూ కాగితాల్లో స్వర్ణ పేరే ఉంది. జబ్బు స్వర్ణకేనని చర్చిలో చెబుదాం. కాన్సరని తెలిస్తే దీన్నెవరు చేసుకుంటారు?"

నేను వినయ్ వైపు చూశాను. ఆయన నవ్వుతూ నా బుగ్గ గిల్లారు. "నీకేం, నీకు పెళ్ళయిపోయిందిగా."

ఇంటికొచ్చాక నీరజ తాళి తీయబోతే అత్తయ్య ఆపారు. "ఆసుపత్రి పనయ్యేదాకా నీ మెడలోనే ఉండనీ. చర్చికెళ్ళేటప్పుడు వదిన వేసుకుంటుందిలే."

మర్నాడు అత్తయ్య ప్రార్థన కూటానికి, వినయ్ ఆఫీసుకి వెళ్ళాక నేను నీరజని తీసుకుని గుంటూరు రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. పొలాల మీద కొంగలు లేస్తుంటే, ఆ పిల్ల అంత నొప్పిలోనూ తల తిప్పి చూసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆసుపత్రి కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండా, "పేషెంటు పేరు?" అన్నాడు.

నీరజ నా వైపు చూసింది.

"నీ పేరే చెప్పు" అన్నాను.

"నీరజ."

"భర్త పేరు?"

"లేడండి. పెళ్ళి కాలేదు." అప్పుడతను తలెత్తి ఆమె మెడ వైపు చూశాడు. నీరజ గబగబా తాళి తీసి నా చేతిలో పెట్టబోయింది. "ఇదిగో వదినా, నీది."

"నీ బ్యాగులో పడేసుకో" అన్నాను. "కావాలనిపిస్తే నేనే అడుగుతాలే."