మూత కోసిన సంచి

నేను ఒక వేట సంచిని. అది నన్ను కుట్టించినవాళ్ళ మాట. తర్వాత నన్ను చూసినవాళ్ళలో ఏ ఇద్దరూ ఒకే మాట అనలేదు. అందుకని నేనెవరినో చెప్పమంటే కొంచెం తడబడతాను.

నేను పుట్టింది సముద్రం దాటి పోయే సరుకు కుట్టే ఒక షెడ్డులో, సుగుణ అనే ఆవిడ మిషను మీద. మందపాటి ఆకుపచ్చ గుడ్డ, వెడల్పాటి భుజం పట్టీలు, నడుముకి బిగించే బెల్టు, లోపల రబ్బరు పూసిన ఎర్ర అర. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే వేటగాడికి సరిపోయే సైజు అని సూపర్‌వైజరు చెప్పాడు.

"ఈ ఎర్ర అర దేనికి సార్?" అని అడిగింది సుగుణ.

"మాంసానికి."

ఆవిడ అన్నం క్యారియరు పెట్టుకోడానికి అనుకుంది. కూర ఒలికిపోకూడదు కదా అని రెండో వరస కుట్టు కూడా వేసింది. వీపుకి ఆనేచోట, చెయ్యి పట్టేంత చిన్న అర ఇంకొకటి కుట్టింది. అది దేనికో ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. చివర్లో ఒక పట్టీకి బకిల్ తిరగబడింది. ఆ తప్పుకి, సముద్రం దాటాల్సిన నేను లారీలో పాడేరు ఘాటీ ఎక్కాను.

బస్టాండు పక్కన బ్యాగుల కొట్టులో నన్ను మేకుకి తగిలించారు. కొట్టాయన నన్ను కాలేజీ పిల్లలకి ట్రెక్కింగు బ్యాగు అని, ఉద్యోగస్తులకి లాప్‌టాప్ బ్యాగు అని, పెళ్ళిళ్ళవాళ్ళకి ప్రయాణాల బ్యాగు అని చూపించేవాడు. నేను మూడూ నమ్మాను. ఎవరూ కొనలేదు.

ఒక సంతరోజు గుమ్మిగెడ్డ ఊరి నుంచి బొంజన్న, అతని భార్య చిలకమ్మ వచ్చారు. బొంజన్న కొట్టులో ఉన్న సంచులన్నీ దించించాడు. ఒక్కోదాన్ని వీపుకి తగిలించుకుని వంగాడు, లేచాడు, గెంతాడు. కొట్టాయన ఓపిగ్గా చూశాడు. చివరికి నా వంతు వచ్చింది.

"ఇది నెత్తురు కారదా?" అన్నాడు బొంజన్న.

కొట్టాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. చిలకమ్మకి నవ్వొచ్చింది. "బయపడకు బాబూ. ఏటకి. ఇటుకల పండగొస్తంది కదా, మాంసం మొయ్యాల."

నాకు తగిలించిన చీటీ మీద కొమ్ముల జంతువు బొమ్మ ఉందని అప్పుడే కొట్టాయన చూశాడు. "అదేగా, ఇది వేట బ్యాగే. చూడండి, మేక బొమ్మ కూడా ఉంది" అంటూ ఒక మగ్గు నీళ్ళు తెచ్చి నాలో పోసి, గాల్లో పట్టుకున్నాడు. చుక్క కారలేదు.

"జిప్పు ఏస్తే ముక్క బయట పడదు కదా?" మళ్ళీ అడిగాడు బొంజన్న.

"ఎన్నిసార్లు అడుగుతావయ్యా" అంది చిలకమ్మ. కానీ ఆమె గొంతులో విసుగు లేదు.

ఎందుకు అన్నిసార్లు అడిగాడో ఇంటికెళ్ళాక తెలిసింది. ఆ ఊళ్ళో చైత్రమాసంలో ఇటుకల పండుగకి మగవాళ్ళు అడవికి వేటకి వెళతారు. దొరికినదాన్ని కర్రకి వేలాడగట్టి, ఇద్దరు భుజాన వేసుకుని ఊళ్ళోకి తెస్తారు. ఎన్ని ఇళ్ళుంటే అన్ని కుప్పలు వేస్తారు. ముసలివాళ్ళయినా, మగదిక్కు లేనివాళ్ళయినా అందరికీ సమానం. ఏమీ లేకుండా తిరిగొస్తే మాత్రం ఊరి మొదట్లో ఆడవాళ్ళు కుండలతో కాచుకుని, పేడనీళ్ళు నెత్తిన గుమ్మరిస్తారు.

కిందటేడు పంది దూరంలో పడింది. అక్కడే కోసి, అడ్డాకుల్లో పొట్లాలు కట్టి కావిట్లో వేసుకున్నారు. అందరికన్నా వెనక బొంజన్న మోశాడు. గెడ్డ దాటేటప్పుడు ఒక పొట్లం జారి నీళ్ళలో కొట్టుకుపోయింది. పడటం ఎవరూ చూడలేదు. కాసులమ్మ అనే ముసలామె ఇంటి కుప్ప చిన్నదయింది. ఆమె కేకలేమీ వెయ్యలేదు. "గెడ్డకి కూడా మాంసం రుసి తెలిసినట్టుంది" అని మాత్రం అంది. ఏడాదంతా ఆ మాట ఊళ్ళో తిరిగింది. నీళ్ళ దగ్గర చిలకమ్మ వెళితే మాటలు ఆగిపోయేవి. మళ్ళీ ఒక్క ముక్క తక్కువైతే తన మొగుణ్ణి ఇక వేటకి పిలవరని ఆమెకి తెలుసు. వేటకి పిలవని మనిషిని ఆ ఊళ్ళో దేనికీ పిలవరు.

మూత ఉన్న సంచి అయితే ముక్క పడదు. వాళ్ళ లెక్క అది. నాకూ సరిగానే తోచింది.

పండుగ వచ్చేదాకా చిలకమ్మ నాలో అల్లం పోసింది. నేను అల్లం సంచిని కాబోలు అని అనుకుంటుండగానే దులిపి ఎండలో వేసింది. మర్నాడు అడవికి వెళ్ళాను. అటవీశాఖ వాళ్ళు వేట వద్దంటున్నారని, రాను రాను అడవిలో ఏమీ దొరకడం లేదని దారంతా మగవాళ్ళు చెప్పుకున్నారు. అయినా మధ్యాహ్నానికి ఒక పంది దొరికింది, చిన్నపాటిది. కర్ర నరకబోతే బొంజన్న ఆపాడు.

"సంచి ఉంది కదరా."

"ఒరే, కొత్తకోడలు నగ దాచుకున్నట్టు దాస్తావేట్రా పందిని" అన్నాడు అతని స్నేహితుడు దొంబు. అందరూ నవ్వారు. దిగుడుదారి జారుడుగా ఉంది, పైగా అలిసిపోయారు. సరేనన్నారు. తలతో సహా మాంసమంతా ఎర్ర అరలోకి వచ్చింది. మిగతావాళ్ళు చేతులు కడుక్కోడానికి వెళితే, బొంజన్న కార్జం వేరుగా తీసి, ఆకులో చుట్టి, నా వీపున ఉన్న చిన్న అరలో పెట్టాడు. ఆ అర దేనికో నాకు అప్పుడు తెలిసిందనుకున్నాను. జిప్పు బిగించాడు. దారిలో రెండు మూడుసార్లు తడిమి చూసుకున్నాడు.

సాయంత్రం ఊరి మొదటికి చేరాం. ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళు చూసేది భుజాల మీద కర్ర ఉందా లేదా అని. కర్ర లేదు.

మొదటి కుండ చిలకమ్మదే. బొంజన్న నోరు తెరిచేలోగా అతని నెత్తిన పడింది. తర్వాత నవ్వులు, కుండలు, పేడనీళ్ళు. మిగతా మగవాళ్ళకి ఇదంతా తమాషాగా ఉంది కాబట్టి ఎవరూ అసలు సంగతి చెప్పలేదు. నా మీద నుంచి పచ్చగా కారుతోంది. లోపలికి చుక్క దిగలేదు. సుగుణ రెండో వరస కుట్టు నిలబడింది.

"మాంసం ఉంది" అన్నాడు బొంజన్న చివరికి, కళ్ళు తుడుచుకుంటూ.

నవ్వులు ఆగాయి. నేను ఇక మెచ్చుకుంటారనుకున్నాను.

"ఉంటే మూసి తెచ్చావేటి?" అంది కాసులమ్మ.

 ఊరిపెద్ద సుకురయ్య అడ్డాకులు పరిపించాడు. చిలకమ్మ జిప్పు తీసి, అంతా ఆకుల మీద పోసింది. సుకురయ్య కర్రతో కదుపుతూ చూశాడు. తల ఉంది, తొడలు ఉన్నాయి, డొక్కలు ఉన్నాయి.

"కార్జం ఏదిరా?"

పేడనీళ్ళలో తడిసి నిలబడ్డ బొంజన్న అదిరిపోయి, ఎక్కడ పెట్టాడో మరిచిపోయి, ఆకుల వంకే చూస్తున్నాడు. నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు, జిప్పు మాత్రమే ఉంది. చిలకమ్మ నన్ను తిప్పి తిప్పి తడిమింది. ఆమె చెయ్యి చిన్న అరలోకి వెళ్ళింది. పొట్లం బయటికి వచ్చింది.

దొరికితే సంతోషిస్తారనుకున్నాను. ఒక్క ముఖమూ విచ్చుకోలేదు. దాచిన అరలో దొరికినది దొరకనిదానికన్నా చెడ్డదని నాకేం తెలుసు. చిలకమ్మ పొట్లం పట్టుకుని అలాగే ఉండిపోయింది. మొగుడి వైపు చూడలేదు.

కాసులమ్మ ముందుకొచ్చి పొట్లం లాక్కుంది. ముడి విప్పింది. కార్జం మీద పసుపు కలిపిన బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి. ఆ ఊళ్ళో దేవుడి వాటా అలాగే కడతారు. అడవిలోనే పసుపుబియ్యం చల్లి వేరు చేస్తారు. అది చల్లాక మనిషి నోట పెట్టుకోడు.

ముసలామె ఆ గింజల్ని చాలాసేపు చూసింది.

"దాచుకు తినీవోడు పసుపుబియ్యం ఎందుకు సల్లుతాడే" అంది చిలకమ్మతో. తర్వాత బొంజన్నతో, "ఒరే బావూ, ఎల్లి మొకం కడుక్కో. కంపు కొడతన్నావు" అంది.

అప్పుడు నవ్వారు జనం. కుప్పలు సమానంగా పడ్డాయి. కాసులమ్మ తన కుప్ప ఎత్తుకుంటూ కిందటేడు మాట ఎత్తలేదు. బొంజన్న కూడా ఎత్తలేదు.

"సంచి మంచిదే. మూత మంచిది కాదు" అని తేల్చాడు సుకురయ్య.

చిలకమ్మ ఇంట్లోంచి కత్తిపీట తెచ్చి, నా జిప్పుతో సహా మూతంతా కోసేసింది. నాలో అన్నిటికన్నా ఖరీదైన భాగం అది. ఆ గుడ్డతో ఇప్పుడు కుండలు దించుతోంది. నేను సంచినో బుట్టనో తెలియకుండా అయిపోయాను.

మరుసటేడు కూడా నన్ను వేటకి తీసుకెళ్ళారు. ఈసారి అడవి ఏమీ ఇవ్వలేదు. బొంజన్న అందరికన్నా ముందు నడిచాడు. నా నోరు బార్లా తెరిచి ఉంది, లోపల ఎర్ర గుడ్డ తప్ప ఏమీ లేదని ఊరి మొదటి నుంచే కనిపిస్తోంది. కాసులమ్మ తన వయసుకి మించిన కుండ ఎత్తి గుమ్మరించింది. సగం అతని మీద, సగం నాలో పడింది. చుక్క కారకుండా మోశాను.

ఉత్తచేతులతో వచ్చి, పేడనీళ్ళలో తడిసి, ఆ మనిషి వంగి వంగి నవ్వుతున్నాడు. అతని వీపు మీద నేనూ ఊగుతున్నాను. మాంసం నిండా తెచ్చిన రోజు బిగుసుకుపోయినవాడు, ఖాళీగా వచ్చిన రోజు ఎందుకలా నవ్వాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.