బూజు పన్నిన ఉచ్చు

ఇలా దగ్గరికి జరుగమ్మా, ఆ చాట పక్కన పెట్టు. నల్లపాడు జహీరున్నీసా మిరపనారు సంగతి చెబుతాను.

ఆమె పోసిన నారంటే చుట్టుపక్కల రైతులు కళ్లకద్దుకుని తీసుకుపోయేవాళ్లు. అలాంటిది కొన్నేళ్లుగా మొక్క పీకితే వేళ్ల నిండా బుడిపెలు. "నీ నారు నాటితే చేనంతా గిడసబారిపోయిందమ్మే" అని ఏటా నారు కొనే సుబ్బరావమ్మ మొహం మీదే అనేసింది. జహీరున్నీసాకు కళ్లలో కారం కొట్టినట్టయింది.

ఆ ఏడు గుంటూరు వ్యవసాయ ప్రదర్శనలో ఒక ఆఫీసరు ఆమెను భూతద్దాల గొట్టంలోకి చూడమన్నాడు. వెంట్రుకకన్నా సన్నని నులిపురుగు, బూజు పన్నిన ఉచ్చులో దూరి గిలగిల్లాడుతోంది. ఉచ్చు ఉబ్బి బిగుసుకుపోయింది.

"బుడిపెలు తెచ్చేది ఈ పురుగేనమ్మా. దీన్ని తినే బూజు చివికిన ఆకుఎరువులో ఉంటుంది. మడిలో కలిపి చూడండి. తప్పక పనిచేస్తుందని మాటివ్వలేను. మందులు మాత్రం పొయ్యకండి" అన్నాడు.

ఆ వేడికి బూజు చస్తుందని, ఆమె ఆ ఏడు ఎప్పటిలా మడి మీద చెత్త తగలబెట్టనివ్వలేదు. చివికిన ఆకు కలిపి విత్తనం చల్లింది. మొలకల మధ్య తెల్లగా బూజు కనబడితే, బిడ్డకు పళ్లొచ్చినట్టు మురిసిపోయింది.

పుట్టింటికి పోయి వచ్చేసరికి మడంతా నీలం చారలు. భర్త కరీముల్లా తుత్తం కలిపిన కుండ కడుగుతున్నాడు.

"ఏం చేశారండీ?"

"నారుకుళ్లు పట్టిందే! బూజు చావాలని మైలుతుత్తం నీళ్లు పోశా. నేను చూడబట్టి సరిపోయింది."

"ఆ బూజే గదండీ నాకు కావాల్సింది! పొయ్యొద్దని చెప్పి మరీ పోయానే!"

"చెప్పావులే! పచ్చడి జాడీలో వస్తే పారబోస్తావు, మళ్లో వస్తే ముద్దుపెట్టుకుంటావా? మా నాయన చేసిందీ ఇదే, తాత చేసిందీ ఇదే."

తిడదామంటే, పొద్దుటినుంచీ ఆమె నారు కోసమే నడుం వంచిన మనిషి. ఊరుకుందామంటే కడుపు రగిలిపోతోంది.

నాట్ల వేళకు మొక్క పీకి చూసింది. మళ్లీ బుడిపెలే.

"చూశావా నీ బూజు మహిమ!" అన్నాడు కరీముల్లా.

"మీ తుత్తం మహిమ!" అందామె.

ఎవరి మాట నిజమో ఎవరు తేల్చగలరు? అది ఆ పురుగును పట్టే బూజో, ఉత్త బూజో కూడా తెలియకుండా పోయింది. ఓడిపోతే ఓర్చుకునేదే; ఆట ఆడనివ్వలేదనే ఆమె ఏడుపు. నారంతా పీకి, ఎండబెట్టి, తనే నిప్పు పెట్టింది. సుబ్బరావమ్మ వస్తే, "ఈ ఏడు నా దగ్గర లేదక్కా, వేరేచోట చూసుకో" అంది, తలెత్తకుండా.

ఇది మరిచిపోకమ్మా. నీ పిల్లలకు చెప్పేటప్పుడు కరీముల్లాను మరీ చెడ్డవాణ్ణి చెయ్యకు. ఆమె కడుపుమంట మాత్రం ఒక్క పిసరు కూడా తగ్గించి చెప్పకు.