గింకా కట్టి వెళ్లిన కుచ్చు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నా కూతురు కలీనా ఎవరేం అడిగినా "ఊఁ" అంటుందని. నొప్పిగా ఉందా అంటే ఊఁ, నాతో వచ్చేస్తావా అన్నా ఊఁ. ఎనిమిదేళ్లొచ్చాయి. చెవులు బాగానే వినిపిస్తాయి, మాటలూ వచ్చు. ఎదుటివాళ్ల మాట కాస్త పొడుగైతే మాత్రం లోపలికి దిగదు. ఆ మార్చి నెలంతా ఇంట్లో కాలు నిలవక, నది ఒడ్డున ఉన్న మా లోమ్ ఊళ్లో, కలీనా బడి వరండా బల్ల మీద కూర్చుని తలుపు అద్దంలోంచి చూస్తుండేదాన్ని. కలీనాని చూస్తున్నాననుకున్నాను. చూసింది గింకాని.

ఆ శుక్రవారం కూడా గింకా మోకాళ్ల మీదే ఉంది. అరవై దాటిన మనిషి, లావుపాటి ఒళ్లు, మోకాళ్ల దగ్గర కుట్లేసిన మేజోళ్లు. చదువులో వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చుని సాయం చేయడం ఆమె పని. నేల మీద కూర్చుంటేనే కలీనా కళ్లు అందుతాయంటుంది.

"రొట్టె తినేసినవాళ్లు పుస్తకాలు సర్దుకుని బయటికి నడవండి" అంది టీచరు. పిల్లలు లేచారు. వాళ్లను చూసి కలీనా కూడా లేచింది, చేతిలో రొట్టె చేతిలోనే ఉంది. గింకా ఆమె మోచెయ్యి పట్టి ఆపింది.

"రొట్టె తిను."

అంతే. తర్వాత తన కోటు బొత్తాములను పైనుంచి కిందికి ఒక్కొక్కటే వేలితో తడుముతూ, ఆరూ అయ్యేదాకా నోరు మెదపలేదు. ఇంట్లో నేనైతే ఈపాటికి అదే మాట నాలుగుసార్లు అరిచేసేదాన్ని. ఆరో బొత్తాము దగ్గర పిల్ల రొట్టె కొరికింది.

మార్చి ఒకటిన మేమంతా మణికట్టుకు ఒకే దారానికి వేలాడే ఎర్ర, తెల్ల నూలు కుచ్చుల జత కట్టుకుంటాం. గింకా దాన్నే పాఠం చేసింది. అర్థమైతే తెల్లది ఎత్తు, కాకపోతే ఎర్రది ఎత్తు. మూడు వారాలుగా, అర్థమైనా కాకపోయినా, కలీనా ఎత్తింది తెల్లదే.

మధ్యాహ్నం కిటికీ దగ్గర ఎవరో "కొంగ! కొంగ వచ్చింది!" అని అరిచారు. మొదటి కొంగ కనబడితే కుచ్చు విప్పి, పూసిన చెట్టుకు కట్టెయ్యాలి. పిల్లలంతా ముంగిట్లోని అల్బుఖార చెట్టు మీద పడ్డారు. కలీనా కూడా తనది కట్టేసింది. మరి రేపు ఏం ఎత్తి చూపిస్తుంది?

గింకా స్టూలు తెచ్చింది. కట్టినదాన్ని విప్పితే ఏడాదంతా అరిష్టమంటారు. గేటు కాపలా స్టోయ్చో తాత ఊరుకుంటాడా!

"ఏమే గింకా, ఈ వయసులో చెట్టెక్కి దొంగతనమా? అరిష్టం చుట్టుకుంటుంది చూసుకో!"

"చుట్టుకోనీ. నా నడుం చుట్టూ తిరిగేసరికి దానికే ఆయాసమొస్తుంది. నువ్వు స్టూలు పట్టుకో ముందు."

గింకా స్టూలెక్కి కలీనా కుచ్చు విప్పింది. చెట్టు చిన్నబోకూడదని తన మణికట్టుది తీసి ఆ కొమ్మకే కట్టింది. కిందికి దిగి కలీనా చేతికి దానిది మళ్లీ కట్టింది.

"ఏం పిల్లా," అన్నాడు స్టోయ్చో, "మీ అమ్మ కోసం ఆగుతావా, లేకపోతే బస్సెక్కించి నదవతలికి పంపెయ్యమంటావా?"

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవబోతే గింకా అరచెయ్యి చూపింది. రెండో చేత్తో బొత్తాములు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదోదాని దగ్గర కలీనా ఎర్ర కుచ్చు ఎత్తింది.

"అర్థం కాలేదు తాతా. మళ్లీ చెప్పు."

"ఓర్నీ! అర్థం కాలేదని ఒప్పుకోవడం నాకే ఇంతవరకూ రాలేదు," అన్నాడు స్టోయ్చో. గింకా మోకాలు రాసుకుంటూ స్టూలు లోపల పెట్టడానికి వెళ్లింది.

సోమవారం ఆమె రాలేదు. ఆ శుక్రవారంతోనే పని అయిపోయిందట, నాకు చెప్పనేలేదు. ఆస్ట్రియాలో గ్రాజ్ ఊళ్లో మంచం పట్టిన ఒక పెద్దాయనను చూసుకోవడానికి వెళ్లింది. అక్కడి భాష ఒక్క ముక్క రాదు. వెళ్లిన వారం తర్వాత ఫోన్ చేసింది.

"వాళ్లు చెప్పేది తెలుస్తోందా పిన్నీ?"

"అన్నిటికీ ఊఁ అంటున్నానమ్మాయ్. వాళ్లు ఆగరు కదా."

నవ్వింది. ఆ తర్వాత ఫోన్ లేదు. నేను చేస్తే మోగుతుంది, ఎవరూ ఎత్తరు.

మీలో ఎవరైనా గ్రాజ్ వెళ్తే, ఫోన్‌లో చెప్పిన అక్కడి నది పక్క వీధిలో, రొట్టెల దుకాణం పై అంతస్తులో గింకా అనే మనిషి ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి. మన భాషలో, చిన్న చిన్న మాటల్లో అడగండి. బాగున్నానంటే వెంటనే నమ్మకండి, ఆరు బొత్తాములు ఆగండి. ఎత్తి చూపడానికి ఆమె చేతికి ఏమీ లేదు. ఆమె కుచ్చు ఇక్కడే, అల్బుఖార కొమ్మకే ఉంది. పూలు రాలిపోయాయి, ఎరుపు ఇంకా వెలిసిపోలేదు.