నవ్వెరగని వంశం

అమలాపురం కాలేజీలో జువాలజీ లెక్చరర్ సూర్యప్రకాశంగారు నవ్వగా చూసినవాళ్ళు లేరు. పెళ్ళి ఫొటోలో సైతం ఆయన మొహం పరీక్ష తప్పినవాడి మొహంలా ఉంటుంది. భార్య అమ్మాజీ ఎప్పుడైనా "కాస్త నవ్వండీ, సొమ్మేం పోదు" అంటే, "మా తాత నవ్వలేదు, మా నాన్న నవ్వలేదు. జీన్స్ అమ్మాజీ, జీన్స్! మనం చేసేదేం లేదు" అని తేల్చేసేవారు. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆయన గొంతులో ఏదో తృప్తి వినిపించేది.

1998లో ద్రాక్షారామంలో బంధువుల పెళ్ళికి వెళ్ళారు. భోజనాల దగ్గర ఎవరో ఆయన మొహం చూసి ఒంట్లో బాగాలేదా అనడిగితే, "మా నాన్నగారి పోలికండి" అన్నారు అలవాటుగా. పక్కనే కూర్చున్న మేనత్త మహాలక్ష్మమ్మకి ఎనభై దాటాయి. ఏ మాట దాచాలో మరిచిపోయే వయసు.

"మా అన్నయ్య పోలిక నీకెలా వస్తుందిరా? నువ్వు పెంచుకున్న కొడుకువి కదా! నెలల పిల్లాడివప్పుడు ఆత్రేయపురం నుంచి తెచ్చుకున్నారు. నీ సొంత అన్న బుల్లియ్య అక్కడ పూతరేకులు అమ్ముతున్నాడు. వాడున్న చోట నవ్వులే నవ్వులు!"

సూర్యప్రకాశంగారి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెద్దవాళ్ళు దాచారని కాదు ఆయన బాధ. ఇన్నేళ్ళుగా చెప్పుకొస్తున్న కారణం కాస్తా చేజారిపోయింది. రక్తంలో నవ్వుంచుకుని ఇంతకాలం ఎందుకు ఏడ్చినట్టు?

మర్నాడే ఆత్రేయపురం బస్సెక్కారు. కొట్లో ఉన్న మనిషిది అచ్చం ఆయన ముక్కే, ఆయన బట్టతలే. సంగతి వినగానే బుల్లియ్య గట్టిగా వాటేసుకున్నాడు.

"తమ్ముడుగారా! రండి రండి. మొన్నటి తుఫానుకి మా ఇంటి పైకప్పు ఎగిరిపోయిందండి. మీరొస్తారని ఇల్లంతా ముందే తెరిచిపెట్టింది చూడండి!" అని విరగబడి నవ్వాడు.

"మన నాన్నగారూ ఇలాగే నవ్వేవారా?" సూర్యప్రకాశంగారు ఆశగా అడిగారు.

"ఆయనా? మీకంటే దిగులు మనిషండి. పంట బాగా పండినా బెంగే. అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. మిమ్మల్ని ఇచ్చేశాక అన్నం ముట్టేది కాదు. నాకప్పుడు ఆరేళ్ళు. కోతి వేషాలేసి నవ్విస్తే గానీ తినేది కాదండి. మొదట్లో నాది దొంగనవ్వే. రోజూ నవ్వేసరికి నిజమైపోయింది."

సూర్యప్రకాశంగారు ఆలోచించారు. పుట్టిన చోటా దిగులే, పెరిగిన చోటా దిగులే. తన సిద్ధాంతం రెండువైపులా నిలబడింది. కానీ అదే రక్తంతో, అలాంటి ఇంట్లోనే పెరిగిన ఈ మనిషి ఎదురుగా కూర్చుని, "తినండి, తినండి" అంటూ పూతరేకు నోటికందిస్తున్నాడు. జీన్స్ అని ఇతనితో ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

ఇంటికొచ్చి అమ్మాజీకి సంగతంతా చెప్పారు. ఆ శనివారం సాయంత్రం సంచీ సర్దుకుంటూ, "రేపు ఆత్రేయపురం వెళ్తున్నా" అన్నారు.

"మళ్ళీనా? దేనికండీ?"

"ట్యూషనుంది."

"అక్కడెవరికి చెబుతారండీ?"

"చెప్పడానికి కాదు," అన్నారాయన, మొహంలో ఏ మార్పూ లేకుండా. "చెప్పించుకోడానికి."